మైనస్ నలభై

రేకుల షెడ్డు ఎండకి పెనంలా కాలుతున్న వేళ డ్రైవరమ్మ తెల్లకారు తెచ్చి వాకిట్లో ఆపింది. ఇంజను ఆపకుండానే అద్దం దించి తల బయట పెట్టింది.

"కరెంటాయనా, ఒక్కసారి వచ్చి ఈ వింత చూడండి. బయట మైనస్ నలభై అంట. స్వెట్టరు వేసుకుని మరీ రండి."

కరెంటాయన సగం విప్పిన హారన్ని బల్ల మీద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ షెడ్డులో కార్ల వైర్ల పని అంతా అతనిదే, అందుకే ఆ పేరు. కిటికీలోంచి వంగి చూశాడు. స్టీరింగు వెనక తెర మీద ముప్ఫై తొమ్మిది అని ఉంది.

"అయ్యో, ఇప్పుడే మారింది! మీ గేటు దగ్గర గతుకు ఎక్కేదాకా మైనస్ నలభయ్యే. నా కళ్ళ మీద ఒట్టు."

"ఊఁ" అన్నాడు కరెంటాయన.

ఒకప్పుడైతే ఆ మాటకి ఇంకో మాట తగిలించి, అవతలివాళ్ళని నవ్వించి గానీ బానెట్ ఎత్తేవాడు కాదు. చెల్లెమ్మ పోయాక అతని నోట 'ఊఁ', 'ఆఁ' తప్ప ఇంకో మాట రావడం గగనమైపోయింది. చెల్లెమ్మ అంటే అతని భార్య. షెడ్డు యజమానికి స్వయానా చెల్లెలు కాబట్టి పనివాళ్ళందరికీ చెల్లెమ్మే. అతని బల్లకి అవతలి వైపు కూర్చుని తీగలు అతికే సోల్డరింగ్ పనంతా ఆవిడే చేసేది. ఇప్పుడా కుర్చీలో ఎవరిదో పాత బ్యాటరీ కూర్చుని ఉంది. మనిషి ఏడిస్తే తేలికపడతాడని అందరూ ఎదురుచూశారు. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పొద్దున్నే వచ్చేవాడు, ఇచ్చిన పని చేసేవాడు, పొద్దుగూకితే వెళ్ళిపోయేవాడు.

డ్రైవరమ్మ కారు దిగి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంది. యాభై దాటిన మనిషి. కిడ్నీ రోగులని ఇళ్ళ నుంచి క్లినిక్‌కీ, క్లినిక్ నుంచి ఇళ్ళకీ చేరవేయడం ఆవిడ ఉద్యోగం.

"నవ్వుతూ చెబుతున్నాను గానీ నా కొంప మునిగిందండీ. మొన్న టీచరమ్మని ఇంటికి దింపడానికి వెళ్తున్నాను. రక్తం శుభ్రం చేయించుకుని వస్తే మనిషి అసలే తోటకూర కాడలా వాలిపోతుంది. సగం దారిలో ఏసీ వేడిగాలి కొట్టడం మొదలెట్టింది. అద్దాలు దించుదామంటే లారీల పొగ, ఆవిడకి దగ్గు. సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగి చూద్దును కదా, తల పక్కకి వాల్చేసి ఉంది. అక్కణ్ణుంచి ఆస్పత్రికి ఎలా తీసుకెళ్ళానో నాకే తెలీదు. బతికింది, అదే పదివేలు. ఇప్పుడు మా మేనేజరు ఏమంటాడంటే, పెట్రోలు మిగుల్చుకోవడానికి నేనే ఏసీ కట్టేశానంట!"

"మీరేమన్నారు?"

"బండిలోనే ఏదో ఉంది సార్ అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బండి మీద పెట్టకు అన్నాడు. ఇన్నేళ్ళు ఒక్క మాట పడకుండా చేసిన ఉద్యోగం. పెట్రోలు దొంగనని పేరు పెట్టి పంపిస్తే ఇంకెవడు తాళంచెవి చేతికిస్తాడు?"

గాజు తలుపు గదిలోంచి బావ బయటికొచ్చాడు. భార్యకి అన్న కాబట్టి కరెంటాయనకి ఆయన బావ. ఆయనకి కరెంటాయనా బావే. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారు. క్లినిక్ కార్లన్నీ మొదట్నుంచీ ఆయన షెడ్డుకే వస్తాయి.

"మేనేజరు నాకూ ఫోన్ చేశాడమ్మా," అన్నాడు బావ కారుకేసి చూస్తూ. "బండిలో లోపం ఉంటే చెప్పండి, లేకపోతే వేరే డ్రైవర్ని చూసుకుంటాం అన్నాడు. చూడు బావా."

కరెంటాయన చూశాడు. ఈ రకం బండికి బయట ఎంత వేడిగా ఉందో చెప్పే సెన్సర్ ఒకటి ముందు బంపర్ వెనక ఉంటుంది. అది చెప్పే లెక్కని బట్టి ఏసీని నడిపించేది బండిలోని కంప్యూటరు. బయట గడ్డకట్టే చలి అని సెన్సర్ చెబితే, కంప్యూటరు ఏసీ కంప్రెసర్ని తిరగనివ్వదు. ఇక గాలి వస్తుంది గానీ చల్లదనం రాదు. సెన్సర్ తీగ ఎక్కడైనా తెగితే, ఆ తెగడం కంప్యూటరుకి ఎముకలు కొరికే చలిలా కనిపిస్తుంది. తెర మీద మైనస్ నలభై పడుతుంది. ఇదంతా కరెంటాయనకి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన సంగతే. కానీ ఎదురుగా తెర మీద ముప్ఫై తొమ్మిది నిలకడగా ఉంది. ఏసీ వేస్తే కిటికీల మీద ఆవిరి పట్టేంత చల్లగా వచ్చింది. స్కానర్ తగిలిస్తే బయటి సెన్సర్ మీద ఏదో పాత ఫిర్యాదు కనిపించింది. అయితే ఎప్పుడో బంపర్ మార్చినప్పుడు ప్లగ్గు పీకి ఉంటారు, అప్పుడు తాళం తిప్పినా అదే ఫిర్యాదు పడుతుంది. దాన్ని పట్టుకుని లోపం ఉందని ఎవరూ ఒప్పుకోరు.

బానెట్ ఎత్తాడు, వైర్లు కదిపాడు, దింపాడు. సాయంత్రం దాకా కారు ఇంజను ఆన్ చేసే ఉంచాడు. అంకె ఎండతోపాటు మెల్లగా దిగింది తప్ప ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఇప్పటికైతే బాగానే ఉంది," అన్నాడు.

బెంచీ మీద కూర్చున్న డ్రైవరమ్మ ముఖం చిన్నబోయింది. బావ మాత్రం ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు వెంటనే ఫోన్ తీశాడు. "సార్, చూశాం. బండిలో లోపం ఏమీ కనబళ్ళేదు," అన్నాడు. అంత తొందరెందుకో కరెంటాయనకి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. స్కానర్ వైరు చుట్టి డబ్బాలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే డ్రైవరమ్మ మళ్ళీ వచ్చింది, కారు తీసుకెళ్ళి క్లినిక్‌లో అప్పజెప్పడానికి. తాళంచెవి తీసుకుని కూడా కదలకుండా కరెంటాయన బల్ల ముందు నిలబడింది.

"ఒక్క ఉపకారం చేస్తారా? నేను నడుపుతాను, మీరు వెనక సీట్లో కూర్చోండి. టీచరమ్మని తీసుకెళ్ళిన దారినే వెళ్దాం. అంతే. ఆ తర్వాత నా రాత."

కాదనడానికి కారణం వెతుక్కోవాలి. దానికంటే వెళ్ళి కూర్చోవడమే సులువనిపించింది అతనికి. వెళ్ళి కూర్చున్నాడు.

క్లినిక్ దాకా ఏమీ జరగలేదు. క్లినిక్ గేటు ముందు కారు తిప్పి, టీచరమ్మ ఇంటి దారి పట్టారు. బేకరీ, చెప్పుల దుకాణం, బడి గోడ. డ్రైవరమ్మ మాట్లాడుతూనే ఉంది. ఏ సందులో ఏ కుక్క కారు వెంటపడుతుందో, ఏ రోగి వెనక సీట్లో పాటలు పాడతాడో, ఎవరు డ్రైవింగ్ మీద సలహాలిస్తారో చెబుతోంది. "టీచరమ్మ అయితే నా స్పెల్లింగులు కూడా దిద్దుతుంది. బోర్డులు చదివిస్తుంది నా చేత." బడి ముందు స్పీడుబ్రేకర్ మీద కారు ఎగిరి పడింది. ఆ తర్వాత మలుపు, పొడుగాటి రోడ్డు, ఎదురెండ. కరెంటాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"చూశారా!" అంది డ్రైవరమ్మ.

"ఏంటి?"

"ఏంటంటారేంటి? మైనస్ నలభై! ఎంతసేపైందో చూడండి. గాలి చూడండి, ఇస్త్రీ పెట్టెలోంచి వస్తున్నట్టు లేదూ? మీకు తెలియలేదా?"

అద్దంలోంచి ఆవిడ అతన్నే చూస్తోంది. కరెంటాయన తనకేసి చూసుకున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. గడ్డం మీంచి చెమట బొట్లు మోకాలి మీద పడుతున్నాయి. ఎప్పట్నుంచి పడుతున్నాయో అతనికి తెలీదు.

"ఆపకండి," అన్నాడు. "మెల్లగా వెనక్కి పోనివ్వండి. గతుకుల్లోంచి."

మళ్ళీ అదే స్పీడుబ్రేకర్ ఎక్కేసరికి అంకె ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. ఆ తర్వాతి గుంటలో మళ్ళీ పోయింది. అతను ముందుకి వంగి, ఏసీ గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి, తీయకుండా షెడ్డు దాకా అలాగే వచ్చాడు.

"బావా, బంపర్ విప్పాలి," అన్నాడు దిగుతూనే.

"నిన్న చెప్పేశాం కదా లోపం లేదని."

"ఉంది. తీగలో ఎక్కడో ఉంది. కుదుపుకి పోయి వస్తోంది."

"చెప్పేసిన మాట మళ్ళీ మార్చడం ఏం బాగుంటుంది బావా? మనకి ఎన్ని బండ్లు లేవు? ఆ గేరుబాక్సు వాడు పొద్దున్నుంచీ కూర్చున్నాడు..."

కరెంటాయన అప్పటికే స్క్రూడ్రైవరుతో చక్రం పక్క క్లిప్పులు విప్పుతున్నాడు. బావ అక్కడే నిలబడి చూశాడు.

బంపర్ రెండు పక్కలా పట్టుకుని లాగితే టపటపమంటూ ఊడివచ్చింది. రేడియేటర్ ముందు, గాలి తగిలే చోట, బొటనవేలి గోరంత సెన్సర్ వేలాడుతోంది. ప్లగ్గు తీసి దానికి మీటరు పెట్టాడు. పిడికిట్లో మూసి పట్టుకుంటే అంకె దిగింది, వేడికి దిగడమే దాని తీరు. డ్రైవరమ్మ టీకొట్టు నుంచి గ్లాసులో ఐసుముక్కలు తెచ్చింది. అందులో ముంచితే అంకె పెరిగింది. మళ్ళీ పిడికిట్లో పెడితే మళ్ళీ దిగింది.

"దీనికేం రోగం లేదు," అన్నాడు. "వేడీ తెలుస్తోంది, చల్లదనమూ తెలుస్తోంది. చెప్పిన మాట పైకి చేరట్లేదు."

మీటరు తీగల వైపు తగిలించి, వైర్ల కట్టని అంగుళం అంగుళం వేళ్ళతో వంచుకుంటూ వెళ్ళాడు. మీటరు కుయ్యిమంటూనే ఉంది. ఎడమ దీపం కింద, మలుపు దగ్గర వంచగానే నోరు మూసుకుంది. వదిలితే మళ్ళీ కూసింది. అక్కడ నల్ల టేపు చుట్టి ఉంది. దొరికింది.

టేపు కొస కోసం గోరు ఆనించాడు. వెతకాల్సిన పని లేకపోయింది. కొస దగ్గర టేపు చిన్నగా మడిచి, చెవిలా నిలబెట్టి ఉంది.

కరెంటాయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

లోకంలో టేపు చుట్టేవాళ్ళందరూ చివర్న తెంపి అదిమేస్తారు. చెల్లెమ్మ ఒక్కతే అలా మడిచేది. తర్వాత విప్పేవాడి గోళ్ళు అరగకూడదు కదా అనేది.

విప్పాడు. పైన వేసిన రబ్బరు గొట్టం ఒక పక్కే ముడుచుకుని ఉంది. దాన్ని చీల్చితే అతుకు బయటపడింది. సోల్డరు వెండిలా మెరుస్తూ తీగలోకి ఇంకి ఉండాల్సింది పోయి, బూడిదరంగు ఉండలా పైపైన కూర్చుని ఉంది. లోపలి పోగులు సగం దానికి అంటనే లేదు. వాననీరు దిగి పచ్చబారాయి. కుదుపు వస్తే విడిపోతున్నాయి, ఇంకో కుదుపుకి ఆనుకుంటున్నాయి. పని నేర్చుకోవడానికి వచ్చినవాడు మొదటి రోజు కూడా ఇలాంటి అతుకు వెయ్యడు. చెల్లెమ్మ వేసిన అతుకుని కత్తెరతో కత్తిరించాలే తప్ప చేత్తో లాగి ఊడదీసినవాడు లేడు.

తల ఎత్తాడు. బావ అతుకుని చూడట్లేదు. టేపు మడతని చూస్తున్నాడు. చూసి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

"దొరికినట్టేనా?" అంది డ్రైవరమ్మ ఆశగా.

"రేపు రండి."

"దొరికిందా అని."

"రేపు మేనేజర్ని కూడా రమ్మనండి," అన్నాడు కరెంటాయన.

ఆవిడ వెళ్ళాక బావ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఆ ముక్క కత్తిరించి పారేసి, కొత్తది అతికి పంపెయ్యి బావా. లోపం లేదన్న మాట అలాగే ఉండనీ. ఆవిణ్ణి నేను రోడ్డు మీద వదిలెయ్యను. నా స్నేహితుడికి బడి వ్యాన్లున్నాయి, అందులో పెట్టిస్తా. నా పూచీ."

"పెట్రోలు దొంగ అన్న పేరో?"

"పోయినదాని పేరో?" అన్నాడు బావ. "టీచరమ్మ కళ్ళు తిరిగి పడిపోవడానికి కారణం ఫలానా మనిషి అని ఊరంతా చెప్పుకోవాలా? తిరిగి ఒక మాట అనడానికైనా అది లేదు కదా."

కరెంటాయన మీటరు డబ్బాలో పెట్టేశాడు. అతుకు కత్తిరించలేదు. బంపర్ గోడకి ఆనించి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళాడు.

ఇల్లంటే రెండు గదులు, ఒక వంటిల్లు. చెల్లెమ్మ పోయాక అతనికి వంట చేసుకోవడం అంటే ఉన్నదేదో వేడి చేసుకోవడమే. గిన్నె పొయ్యి మీద పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. పక్కింటివాళ్ళు ఫ్యాను స్పీడు గురించి పోట్లాడుకుంటున్నారు. మాడిన వాసన వస్తే తిరిగి, గిన్నె దించబోయి చురుక్కుమని చెయ్యి లాక్కున్నాడు. పట్టుకునే గుడ్డ కోసం మేకు వైపు చూశాడు. గుడ్డ అక్కడే ఉంది, ఉతికిన మడత నలగకుండా.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ చివరి రోజుల్లో ఆవిడ గుడ్డ వాడటం మానేసింది. పొయ్యి మీది గిన్నె ఉత్త చేతులతో తీసి గట్టు మీద పెట్టేది. పెట్టి, తాపీగా మూత వేసేది. అతను గుమ్మంలో కూర్చుని చూసి పగలబడి నవ్వాడు. "నీ చేతులేంటే, పట్టకార్లా?" అన్నాడు. ఆవిడా నవ్వింది. "ఇన్నేళ్ళు సోల్డరింగ్ చేశాక చేతులకి వేడి ఒక లెక్కా?" అంది. వేళ్ళకి అంటించిన ప్లాస్టర్లు చూసి ఏంటివి అంటే, కూరలు తరుగుతుంటే తెగిందంది. ఒక వేలు తెగుతుంది, రెండు తెగుతాయి. అన్ని వేళ్ళు ఎవరికైనా తెగుతాయా?

తర్వాత జబ్బుకి పేరు తెలిసింది. పేరు తెలిసిన కొన్నాళ్ళకే మనిషి పోయింది. మొదటిసారి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అడిగిన ప్రశ్న కరెంటాయనకి ఇప్పుడు వినిపించింది. వేళ్ళ తిమ్మిరి ఎప్పట్నుంచమ్మా? ఈమధ్యేనండీ, అంది ఆవిడ, అతనికేసి చూడకుండా. ఈమధ్యే అట. ఆ తెల్లకారు బంపర్ దెబ్బ తిని షెడ్డుకి వచ్చింది వానలు మొదలుకాక ముందు, ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళింది వానలు వెలిశాక.

మాడినది మాడినట్టే తిన్నాడు. రుచి తెలియలేదు. గిన్నె నానబెట్టాడు.

మర్నాడు బావ షట్టర్ ఎత్తేసరికి కరెంటాయన వాకిట్లోనే ఉన్నాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. కరెంటాయన కారు ముందు గొంతుక్కూర్చుని, అతుకు పైకి కనిపించేలా తీగ తిప్పి పట్టుకున్నాడు.

"నీకు ముందే తెలుసు కదా బావా."

బావ ఒక టైరు దొర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

"ఆ రోజు నువ్వు సామాన్లకి బజారెళ్ళావు," అన్నాడు. "నేనిటు వచ్చేసరికి ఈ కారు ముందు కూర్చుని అతుకేస్తోంది. ఏదో కాలిన వాసన. వైరు కాలుతోందేమో చూడవే అన్నాను. అది వేలు, బావా. సోల్డరింగ్ కడ్డీ కొస వేలికి ఆనుకుని ఉంది. అది మాత్రం అతుకుని చూసుకుంటూ పని చేసుకుంటోంది."

కరెంటాయన తీగ వదల్లేదు.

"చెయ్యి పట్టి లాగాను. అప్పుడు చూసుకుంది. బావకి చెప్పకు అన్నయ్యా, పరీక్షలు చేయించుకుంటున్నాను, ఏదీ తేలకముందే ఆయన హడలిపోతాడు, తేలాక నేనే చెప్తాను అంది. ఒట్టేయించుకుంది. ఆ అతుకు విప్పి నేను మళ్ళీ వెయ్యాల్సింది. నాకు తెలుస్తూనే ఉంది సరిగ్గా రాలేదని. దాని ముందు దాని పని విప్పడానికి నాకు చేతులు రాలేదు. బంపర్ బిగించి పంపించేశాను. మొన్న ఈవిడ మైనస్ నలభై అనగానే నాకీ అతుకే గుర్తొచ్చింది."

"నాతో ఒక్క మాట అనాల్సింది."

"అనాల్సింది," అన్నాడు బావ.

కోపం వస్తుందేమోనని కరెంటాయన ఎదురుచూశాడు. రాలేదు. ఎక్కడో దూరంగా వేరే ఎవరికో జరిగిన సంగతి వింటున్నట్టే ఉంది ఇంకా. లేచి తీగ మీద గుడ్డ కప్పాడు.

మేనేజరు ఎండెక్కకముందే వచ్చాడు. డ్రైవరమ్మ ఆయన వెనకే, నాలుగడుగుల దూరంలో నడిచి వచ్చింది. ఆయన మర్యాదస్తుడే. చెప్పులు నూనె మరకల్లో పడకుండా చూసుకుంటూ వచ్చి, "ఏం తేలిందండీ? నాకు పదింటికి మీటింగుంది," అన్నాడు.

కరెంటాయన గుడ్డ తీసి, మీటరు తగిలించి, తీగ వంచి చూపించాడు. కూసింది, ఆగింది, కూసింది. తాళం తిప్పి తెర మీద అంకె చూడమన్నాడు. తీగ వంచి పట్టుకుంటే మైనస్ నలభైకి దిగడం, ఏసీ కంప్రెసర్ టక్కుమని ఆగిపోవడం చూపించాడు.

"ఏసీ ఎవరూ కట్టలేదు. దానంతటదే ఆగింది," అన్నాడు. "డ్రైవరమ్మ తప్పేమీ లేదు. అతుకు తప్పు. అతుకు మా షెడ్డులో వేసిందే."

"మీ షెడ్డులోనా?" మేనేజరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "మరి మొన్న లోపం లేదన్నారు? ఇంతకీ ఎవరు వేశారండీ ఇది? ఒక పేషెంటు ప్రాణం మీదికొచ్చింది."

కరెంటాయన నోరు తెరిచాడు. నా భార్య అనాలి. రెండు ముక్కలే. ఆవిడ పోయాక ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. ఇప్పుడూ ఆ మాట బయటికి రాలేదు. మీటరు మాత్రం అతని చేతిలో కూస్తూనే ఉంది.

"మా చెల్లెలు," అన్నాడు బావ వెనక నుంచి.

అందరూ తిరిగి చూశారు. బావ ముందుకొచ్చి కరెంటాయన పక్కన నిలబడ్డాడు.

"మా చెల్లెలు వేసింది. అప్పటికే దాని చేతులకి స్పర్శ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా బండి పంపించింది నేను. మొన్న లోపం లేదని ఫోన్‌లో అన్నదీ నేనే. ఈ ఇద్దరికీ దీంతో సంబంధం లేదు సార్. ఏమన్నా అనాలంటే నన్ననండి."

చెల్లెమ్మ మేనేజరుకీ తెలుసు. కారుకేసి చూసి, ఇకమీదట క్లినిక్ కార్లు ఈ షెడ్డుకి పంపడం కుదరదని మెత్తగా చెప్పాడు. పైవాళ్ళకి తను జవాబు చెప్పుకోవాలి కదా అన్నాడు. బావ తలూపాడు. మేనేజరు డ్రైవరమ్మ వైపు తిరిగి, "నువ్వు రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్యి," అన్నాడు, సెలవు పెట్టిన మనిషితో అన్నట్టు.

"ఎల్లుండి వస్తాను సార్," అంది డ్రైవరమ్మ. "రేపు టీచరమ్మ దగ్గరికి వెళ్ళాలి. నేను ఏసీ కట్టేశానని ఆవిడకి చెప్పింది మీరే. కాదని నేను చెప్పుకుంటే బాగుండదు, మీరూ రావాలి."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి, "సరే, రేపు సాయంత్రం వెళ్దాం," అని వెళ్ళిపోయాడు.

కరెంటాయన పాత అతుకు కత్తిరించాడు. కొత్త తీగ ముక్క వేసి, పోగులు దువ్వి మెలిపెట్టి, కడ్డీ ఆనించాడు. సోల్డరు కరిగి పోగుల్లోకి నీళ్ళలా దిగింది. డ్రైవరమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. ఆవిడ నోరు అంతసేపు ఊరుకోవడం ఆ షెడ్డులో ఎవరూ ఎరగరు.

"నా ఉద్యోగం కోసం చెల్లెమ్మగారి పేరు బయట పెట్టించాను," అంది చివరికి. "నాకు అదోలా ఉందండీ."

"తను ఉంటే తనే చెప్పేది," అన్నాడు కరెంటాయన టేపు చుడుతూ. "మీ క్లినిక్‌కి వచ్చి మరీ చెప్పేది. మీరు అదోలా పెట్టుకోకండి."

చాలా రోజుల తర్వాత అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడినందుకు అతని గొంతు జీరపోయింది. బంపర్ బిగించారు. డ్రైవరమ్మ బడి ముందు స్పీడుబ్రేకర్ మీదుగా రెండుసార్లు తిరిగి వచ్చి, అద్దంలోంచి బొటనవేలు ఎత్తి చూపించి, హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

భోజనాల వేళకి పనివాళ్ళు బయటికెళ్ళారు. షెడ్డులో బావలిద్దరే మిగిలారు. బావ తన డబ్బా తెరిచి, మూతలోకి సగం తీసి, కరెంటాయన ముందు పెట్టాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని తింటున్నారు.

"క్లినిక్ బండ్లు పోయాయి," అన్నాడు కరెంటాయన.

"పోనీ. రాత్రి నాకు నిద్ర పట్టనిది బండ్ల గురించి కాదు కదా."

మళ్ళీ కాసేపు తిన్నారు.

"ఆ రోజు ఇంకేమంది బావా?"

బావ ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. "చెప్పాను కదా."

"ఇంకా ఏదైనా. నువ్వు చెయ్యి లాగాక. ఏమైనా సరే."

బావ ముద్ద మళ్ళీ మూతలో పెట్టేశాడు. "టేపు అడిగింది. వేలికి మందు రాస్తానంటే ముందు టేపు ఇవ్వు అంది. గట్టిగా చుట్టెయ్యాలి అన్నయ్యా, ఈ అతుకు ఆయన కంట పడితే ఒక్క చూపులో పట్టేస్తాడు, ఇక నేను దాచగలిగేదేమీ ఉండదు, అంది. అని నవ్వింది. నీ గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ అలాగే కదా నవ్వేది."

కరెంటాయన మూతలోకి చూస్తున్నాడు.

"పట్టలేదు బావా," అన్నాడు. "కాలే గిన్నె ఉత్త చేతులతో దించుతుంటే, నా కళ్ళ ముందే, రోజూ... నేను నవ్వాను. నీ చేతులు పట్టకార్లా అని నవ్వాను. పట్టలేదు."

ఆఖరి మాట సగంలో విరిగిపోయింది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత, ఎక్కడి నుంచో తెలియని ఒక మోటు శబ్దం అతని గొంతులోంచి బయటికొచ్చింది. ఇన్ని నెలలూ రానిది, రేకుల షెడ్డులో, పట్టపగలు, చేతికి మెతుకులంటుకుని ఉండగా వచ్చింది. అతను దాన్ని ఆపుకోబోలేదు. ఆపుకోవడం చేతనూ కాలేదు. బావ దగ్గరికి జరిగి, ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి, ఎడమ చేత్తో అతన్ని భుజం చుట్టూ పట్టుకున్నాడు.

గేటు దగ్గర ఎవరో కారు ఆపి హారన్ కొట్టారు. మళ్ళీ కొట్టారు. బావ తల తిప్పకుండానే గట్టిగా కేకేసి చెప్పాడు.

"ఇవాళ్టికి పని లేదు. రేపు రండి."